చేపలకి డాక్టరొచ్చాడు

"నువ్వే చంపావు! మేత కుక్కి కుక్కి చంపావు!"

చేపల డాక్టరు తలుపు తోసేసరికి మేనేజరు గొంతు చించుకుంటున్నాడు. ఎదురుగా ఆయా చీపురు పట్టుకుని బిగుసుకుపోయి నిలబడింది. రొయ్యల ఫ్యాక్టరీ మేడమీద మేనేజరు గది అది. గోడ పొడవునా ఉప్పునీళ్ల తొట్టి. అందులో పెంచుతున్న ప్రాణమున్న పగడాల మీద అయిదు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. మిగిలిన నాలుగూ పైకొచ్చి, నోళ్లు తెరిచి, ఎగశ్వాసతో కొట్టుకుంటున్నాయి.

చేపల డాక్టరంటే చదువుకున్న డాక్టరేం కాదు. తొట్లు అమర్చి, చేపలు వేసి, నీళ్లు పరీక్ష చేసే మనిషి. పేరు మాత్రం అలా పడిపోయింది. ఫోను చేసిన అరగంటలో వచ్చి వాలాడు. ఫ్యాక్టరీ ముందు గదిలో ఇంకో రెండు తొట్లు పెట్టిస్తానని మేనేజరు ఊరిస్తున్నాడు మరి.

"రావయ్యా రా! రేపు పెద్ద కొనుగోలుదార్లు వస్తున్నారు. కాఫీ ఇచ్చి ఈ శవాలు చూపించనా వాళ్లకి?"

డాక్టరు సంచి దింపి ఆయా వైపు తిరిగాడు. "మేత ఎంత వేస్తున్నావమ్మా?"

"మీరు చెప్పినంతే బాబూ. పొద్దున చిటికెడు, సాయంత్రం చిటికెడు. రెండు నిమిషాల్లో తినేసేంత. మిగిలితే వలతో తీసేస్తా."

"పగడాలకి?"

"వారానికి రెండుసార్లు. మోటారు ఆపి, సన్న గొట్టంతో ఒక్కోదాని నోటి దగ్గర. తొందరపడితే అవి ముడుచుకుపోతాయి."

డాక్టరు లోపల్లోపల ముచ్చటపడ్డాడు. ముచ్చటపడి తొట్టి కొనేవాళ్లలో సగంమందికి ఈ ఓర్పుండదు. "మరి తొమ్మిది చేపలెక్కడివి? కొత్త తొట్టి, కుదురుకునేదాకా రెండే చాలన్నానుగా?"

"నేనూ అదే మొత్తుకున్నా. సారు పోయిన నెల ఇంకో ఏడు తెచ్చి ఒకేరోజు కుమ్మరించారు."

"ఓహో, నాకే పాఠాలు!" మేనేజరు బల్ల గుద్దాడు. "అక్కా చెల్లెళ్లిద్దరూ ఒకే బాపతు. చెల్లెల్ని కింద హాల్లో కూచుని రొయ్యలు ఒలవమంటే, పైపు కారుతోంది, గ్యాసు వస్తోంది, కళ్లు మండుతున్నాయి, ఊపిరాడ్డం లేదంటూ అర్జీలు! నలభై రోజులుగా ఇదే గోల!"

"దగ్గితే నెత్తురు పడుతోంది సారూ దానికి."

"ఉల్లిపాయలు తరిగినా కళ్లు మండుతాయి. వంట మానేస్తున్నారా? ఏ పైపూ కారడం లేదు. ఇంజనీరు సంతకం పెట్టిచ్చాడు. ఇంకోసారి ఆ మాటెత్తితే ఇద్దరూ ఇంటికే!"

మనకెందుకొచ్చిన గొడవ అనుకుని డాక్టరు తల దించుకున్నాడు. గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి, చుక్కలమందు వేసి ఊపాడు. పసుపుపచ్చగా నిలవాల్సిన నీళ్లు చూస్తుండగానే ముదురాకుపచ్చకి తిరిగాయి.

"అమ్మోనియా," అన్నాడు. "మొప్పలు కాల్చేస్తుంది. ఊపిరాడక చస్తాయి."

"అదే నేననేది! మేత కుళ్లి పుట్టింది!"

"కాదు సార్. మేత కుళ్లినా, చేపలెక్కువైనా మెల్లమెల్లగా పెరుగుతుంది. మొన్న మీరు పంపిన సీసా నీళ్లలో దీని జాడ కూడా లేదు. ఇంత ఒక్కసారిగా వచ్చిందంటే, ఇది బయట్నుంచి వచ్చింది."

మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. రొయ్యల్ని గడ్డకట్టించే చలిగదుల పైపుల్లో పారేది కూడా అమ్మోనియాయే. గబుక్కున ఫోనందుకున్నాడు.

"ఇంజనీర్! ఆ లీకు గ్యాసు నా గదిదాకా వచ్చిందయ్యా! కింద హాలు దాటి రాదన్నావుగా? ఏంటీ... బాగుచెయ్యాలంటే రెండ్రోజులు మూసెయ్యాలా? మూస్తే ఆర్డరు నువ్వు పంపుతావా? నోర్మూసుకుని నా కిటికీలకి సీలు వేయించు!"

నలభై రోజులుగా లేని లీకు నలభై క్షణాల్లో పుట్టుకొచ్చింది. డాక్టరు చేతిలో గొట్టం చేతిలోనే ఉండిపోయింది.

"ఏవయ్యా, చూస్తావేంటి? ఆ నాలుగింటినీ ఇప్పుడే మా ఇంటికి మార్చెయ్. జాగ్రత్త, ఇక్కడి గాలి ఇంకొక్క నిమిషం కూడా వాటికి తగలకూడదు."

డాక్టరు నోరు ఊరుకోలేదు. "కింద ఆడవాళ్లున్నారు కద సార్, అరవై మంది?"

"వాళ్ల ప్రాణాలు గట్టివిలే. ఈ చేపలే సుకుమారం. ఊఁ, కానియ్, కానియ్!"

ఆయా చీపురు గోడకి ఆనించింది. తొట్లోకి చెయ్యి పెట్టి, చచ్చిన నారింజరంగు చేపనొకదాన్ని అరచేతిలోకి తీసుకుంది. రోజూ మేత వేళకి ఆమె వేలి చుట్టూ తిరిగే చేప అది. కళ్లు తుడుచుకోలేదు. గొంతు కూడా పెంచలేదు.

"బాబూ, ఆ గొట్టంలో నీళ్లు పారబొయ్యకండి. లీకుందని సారు నోటితో అన్న మాట కూడా మర్చిపోకండి," అంది. తర్వాత మేనేజరు వైపు తిరిగింది. "మీ గదిలోకి ఏ గ్యాసూ రాలేదు సారూ. ఆ కారే పైపు కింద మూడ్రోజులు బకెట్టెడు నీళ్లుంచి, గ్యాసంతా నీళ్లకి పట్టాక అందులోంచి ఒక్క మగ్గు తెచ్చి ఈ తొట్లో పోసింది నేనే. నా చేత్తో మేపినవాటిని నా చేత్తోనే చంపుకున్నా. మనుషులు దగ్గితే మీకు వినపడలేదు, ఏం చెయ్యను? నన్ను జైల్లోనే వేయిస్తారో, ఏం చేస్తారో చేసుకోండి. ముందు ఆ పైపు ఆపి, అరవై మందినీ బయటికి పంపండి. ఇప్పుడే!"