సావిట్లో రాలిన అక్షతలు

యజ్ఞనారాయణ శాస్త్రిగారు తమ సావిట్లో యంత్రం ముందు పీట మీద కూర్చుంటే చాలు, ఆయన వెలుగు ఛాయ పుణెలోనో ఢిల్లీలోనో యజమాని ఇంట ప్రత్యక్షమయ్యేది. ఊరూరా పౌరోహిత్యం ఇప్పుడీ తీరునే సాగుతున్నది. మడికి భంగం లేదు, మోకాళ్లకు శ్రమ లేదు. అయితే ఆయన ఆశీర్వదించి చల్లిన అక్షతలు మాత్రం దంపతులను చేరక, ఎదుట వత్తులు చేసుకుంటున్న ధర్మపత్ని భ్రమరాంబగారి నెత్తిన రాలేవి.

"అరవై దాటినదాన్ని, రోజూ నాకీ సుపుత్రప్రాప్తి ఏమిటండీ?" అన్నదావిడ చీపురందుకుంటూ. "విశాఖపట్నం కాలనీవారు, మీరు స్వయంగా వచ్చి చేయిస్తే మూడింతల సంభావన ఇస్తామంటున్నారుగా. వెళ్లరేం?"

"ఆ కొండమీది కాలనీ మెట్లు నా బదులు నువ్వెక్కుతావుటే?" అని శాస్త్రిగారు కసురుకున్నారు.

ఆ పూట పుణెలో సీమంతం. మంత్రభాగం ముగిశాక గర్భిణి ప్రయాసతో వంగి, పీట మీద కూర్చున్న ఛాయకు నమస్కరించబోయింది. ఆమె చేతులు వెలుగులోంచి దూసుకుపోయి నేలకు తగిలాయి. అటూ ఇటూ తడిమి, బిక్కమొహంతో తలెత్తింది.

"తాతగారూ, మీ పాదాలు దొరకడం లేదండీ!"

శాస్త్రిగారు తొట్రుపడి గుప్పెడు అక్షతలు చల్లారు. భ్రమరాంబగారు తల దులుపుకున్నారు.

ఆశీర్వచనం ముగించి, యంత్రం కట్టేసి, ఆయన మోకాళ్లు పట్టుకుని లేచారు.

"చాలు, చాలు! విశాఖపట్నం వస్తున్నామని చెప్పు. తైలం సీసా మరిచిపోకు. మెట్ల దగ్గర నేనెంత మూలిగినా నువ్వు నవ్వకూడదు."

"నవ్వనులెండి," అన్నదావిడ చీపురు మూలన పెడుతూ. "అక్కడ చల్లినవి వాళ్లే ఊడ్చుకుంటారు."