గట్టు మీది నీళ్ళు

బాతులాయన గుడ్లు ఇవ్వనన్నాడు.

కోత అయిన వరి కయ్యలో బాతుల్ని మేపుకున్నందుకు, కయ్య గలవాళ్ళకి గుడ్లు ఇచ్చి పోవడం ఏటా ఉన్నదే. చెంచమ్మ గంప పట్టుకుని వచ్చింది.

"అక్కడే నిలబడక్కా," అన్నాడు రమణయ్య గుడారం దగ్గర నుంచే. ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఉన్నాడు.

"ఏందయ్యా, నా కయ్యలోకి నేను రాకూడదా? మా కోడలు బిందుకి ఏడో నెల. నాలుగు గుడ్లు ఇస్తే నీదేం పోతది?"

"గుడ్లన్నీ పూడ్చేసినా. బాతులు చచ్చిపోతుండాయక్కా."

"ఇయ్యడం ఇష్టం లేదని చెప్పు, పోతా."

మర్నాడు జీపులు వచ్చాయి. పశువుల ఆఫీసుకి ఫోన్ చేసింది రమణయ్యే.

మిగిలిన బాతుల్ని చంపేశారు. తర్వాత ఊళ్ళోకి వచ్చి, పెరడు పెరడూ తిరిగి కోళ్ళనీ పట్టుకుని చంపేశారు. చెంచమ్మవి పదకొండు. పొదిగే పెట్టనీ వదల్లేదు.

మనుషుల్లో కలవొద్దని చెప్పి, రమణయ్యకి మాత్రలిచ్చి పోయారు.

"మన కొంపలు ముంచినాడు," అన్నాడు చెంచమ్మ కొడుకు పెంచల్. "ఎవురూ ఆ పక్కకి పోబాకండి."

మూడో రోజు చెంచమ్మ గడ్డికి పోతుంటే గుడారంలోంచి దగ్గు వినిపించింది. సముద్రపు గాలికి గుడారం గుడ్డ కొట్టుకుంటోంది.

"అక్కా, జ్వరంగా ఉండాది. గట్టు మీద బిందెడు నీళ్ళు పెట్టి పో. నువ్వు పోయినాక తీసుకుంటా."

"బోరు అదిగో. నీకు కాళ్ళు లేవా?"

"అందురూ పట్టుకునే నీళ్ళు. నేను ముట్టకూడదు."

"అయితే నా కోళ్ళని అడుగు, తెచ్చి పోస్తాయి."

మర్నాడూ అడిగాడు. ఆమె తల తిప్పలేదు.

ఆ తర్వాతి రోజు అంబులెన్స్ వచ్చింది. నెల్లూరు చేరిన రెండో రోజు రమణయ్య పోయాడు.

వారం తిరక్కుండా ఆ ఆస్పత్రి నుంచి డాక్టర్ అనూష ఊళ్ళోకి వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి అందరి ముక్కుల్లోంచీ నమూనాలు తీసుకుంది. బిందుకి రెండుసార్లు తీసింది.

ఫలితాలు వచ్చాక అనూష చెంచమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, "ఎవరికీ ఆ రోగం లేదు," అంది.

"బాతుల రోగం మనుషులకెట్టా వస్తది?" అన్నాడు పెంచల్.

"అంత తేలిగ్గా రాదు. వైరస్ పెరగాలంటే తన నకళ్ళు తీసుకోవాలి. ఆ పని చేసే భాగాన్ని పాలిమరేజ్ అంటారు. పక్షి ఒంటి వేడికి అలవాటు పడిన పాలిమరేజ్, మన ముక్కు చల్లదనంలో సరిగ్గా పనిచెయ్యదు. రమణయ్య ఒంట్లో అది ఒక్కచోట మారింది. దాంతో మనిషి ముక్కులోనూ పనిచేసింది."

"అంటే?"

"దగ్గితే పక్కవాళ్ళకి అంటుకోవచ్చు. బాతుల్లో ఆ మార్పు లేదు. ఆయన ఒంట్లోనే పుట్టింది, ఆయనతోనే పోయింది. ఒక్కరిని దగ్గరికి రానిచ్చి ఉంటే..."

అనూష గుమ్మంలో నిలబడ్డ బిందు వైపు చూసింది.

చెంచమ్మ అరుగు స్తంభం పట్టుకుంది.

"ఆయన నీళ్ళడిగితే నేను..."

"తెలుసమ్మా. తన దగ్గరికి ఎవరెవరు వచ్చారని ఆస్పత్రిలో ఆయన్ని నేనే అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను."

అనూష కాగితం తీసి చదివింది.

"'ఎవురూ రాలేదు. చెంచమ్మక్క మాత్రం రోజూ గట్టు మీద నీళ్ళు పెట్టి, నేను తాగేదాకా దూరాన నిలబడి, ఆనక పోయేది.'"