ఒడ్డున భోజనం

వడ్డన కిటికీలోంచి బయటికి చూసిన హోటలావిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

మూల బల్ల దగ్గర కూర్చున్న ఆడమనిషి వెడల్పాటి టోపీ తీసి పక్కన పెట్టుకుంటోంది. జుట్టు నెరిసింది, బుగ్గలు జారాయి. అయినా ఆ మొహాన్ని హోటలావిడ కోటిమందిలో పోల్చుకోగలదు.

"అమ్మా, అదే!"

ఉల్లిపాయలు తరుగుతున్న తల్లి కళ్ళు తుడుచుకుని తొంగిచూసింది. "ఏది?"

"నా కాపురాన్ని ఓడెక్కించుకుపోయిందే, అది."

పన్నెండేళ్ళ కిందటి మాట. అప్పుడు హోటలు రేవుకి ఎదురుగానే ఉండేది. ఓడ ఆగిందంటే చాలు, ఊరి తిండి రుచి చూద్దామని జనం బిలబిలమంటూ వచ్చేవారు. మొగుడు బల్లల దగ్గర, పెళ్ళాం పొయ్యి దగ్గర. ఒకనాడు ఈ మహాతల్లి దిగబడింది. ఏటా ఓడెక్కి తిరిగే డబ్బున్న మనిషి. వేళ్ళు నాక్కుంటూ తిని, "ఎవరండీ వండింది?" అని అడిగింది. "నేనే" అన్నాడు మొగుడు, సిగ్గులేకుండా. సాయంత్రం ఆవిడకి ఊరు చూపిస్తానని బయల్దేరాడు. హోటలావిడ రేవుకి పరిగెత్తేసరికి ఓడ కదిలింది. పైన కమ్మీ దగ్గర ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉన్నారు. వాడు చెయ్యి కూడా ఊపాడు.

"దాని పళ్ళెంలో ఇంత ఆముదం కలపనా?" అంది తల్లి ఆశగా.

"వద్దు. దాని మూలంగా నా వంటకి చెడ్డపేరెందుకు? నువ్వెళ్ళి బూజు దులిపే వంకన గోడ గడియారాన్ని ఓ గంట వెనక్కి తిప్పు."

"అదెందుకే?"

"ఓడవాళ్ళ బస్సులో తిరిగేవాళ్ళు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా తిరిగేవాళ్ళ కోసం క్షణం ఆగదు. ఇదేమో ఒంటరిగా వచ్చింది. ఆవేళ నేను నిలబడ్డ చోటే ఇదీ నిలబడాలి. వెళ్ళిపోయే ఓడని చూసి గుండెలు బాదుకోవాలి. అది నేను కళ్ళారా చూడాలి."

తల్లి చీపురు అందుకుంది.

హోటలావిడ మొహం కడుక్కుని, వడ్డనకి తనే వెళ్ళింది. పోల్చుకుంటుందన్న భయం లేదు. టోపీ ఆవిడ తనని ఎన్నడూ చూడలేదు. వంటింట్లో మాడేవాళ్ళ మొహాలు ఎవరికి కావాలి?

"ఒక్కరే వచ్చారే! మీవారు రాలేదా?"

"నిద్రపోతున్నారండీ. లేపబుద్ధి కాలేదు." టోపీ ఆవిడ చెయ్యి కడుక్కొచ్చి మళ్ళీ కూర్చుంది. "ఒడ్డున తిండంటే ఆయనకి ప్రాణం. ఏ రేవులో ఆగినా చిన్న హోటళ్ళు వెతుక్కుంటూ పోతారు. వంట నచ్చితే వంటింటి దాకా వెళ్ళి మరీ మెచ్చుకొస్తారు."

మెచ్చుకోడూ మరి, అనుకుంది హోటలావిడ. పైకి మాత్రం నవ్వుతూ అన్నంలో చేపలకూర వేసింది.

టోపీ ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కాసేపటిదాకా తెరవలేదు.

"ఎలా ఉందండీ?"

"ఇదే," అంది మెల్లగా. "ఇదే."

"రొయ్యలు ఇప్పుడే పొయ్యెక్కిస్తున్నా. మా వేపుడు తినకుండా వెళ్తే ఈ ఊరొచ్చీ దండగే."

"నిదానంగా చెయ్యండి. నాకేం తొందర్లేదు."

పొమ్మనలేక పొగబెట్టేవాళ్ళని చూశాం. పోనివ్వకుండా వేపుడు పెట్టింది హోటలావిడ. సన్నని సెగ మీద, ఒక్కో రొయ్యనీ తిప్పుతూ. ఆ తర్వాత పెరుగు. ఆ తర్వాత పళ్ళముక్కలు.

"ఓడకి టైమవుతుందేమో కదమ్మా!" అని నోరుజారింది తల్లి. హోటలావిడ ఆమె కాలు తొక్కింది.

టోపీ ఆవిడ గడియారం వైపు చూసింది. "బోలెడు టైముందిగా," అంది. సెల్‌ఫోను ఉంది గానీ, ఒడ్డున వాడితే బిల్లు వాచిపోతుందని దిగగానే కట్టేసిందట. "ఇంకాస్త అన్నం వెయ్యండి. ఆ కూర కూడా."

తిను తల్లీ తిను, అనుకుంటూ హోటలావిడ కొసరి కొసరి వడ్డించింది. ఇంత ప్రేమగా ఆమె కన్నతల్లికి కూడా ఏనాడూ వడ్డించలేదు.

రేవు వైపు నుంచి ఓడ కూత వినిపించింది. ఒకసారి, మళ్ళీ ఇంకోసారి. వీధి చివర ఇళ్ళ సందులోంచి తెల్లటి ఓడ మెల్లగా జరిగిపోయింది. సందు ఖాళీ అయ్యేదాకా హోటలావిడ కదల్లేదు. తర్వాత బల్ల మీద రెండు చేతులూ ఆన్చి వంగింది. ఎన్నో ఏళ్ళుగా లోలోపల అనుకుంటూ వచ్చిన మాటలు ఇప్పుడు పైకే అంది.

"అదిగో, నీ ఓడ పోయింది! మొగుడితో సహా పోయింది. గడియారం తిప్పించింది నేనే. నేనెవరో తెలుసా? ఆవేళ వేళ్ళు నాక్కుంటూ తిన్నావే, ఆ కూర వండింది నేను! నువ్వు ఎగరేసుకుపోయినవాడి పెళ్ళాన్ని!"

తల్లి వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడింది. ఏడుస్తుందనుకుంది. శాపనార్థాలు పెడుతుందనుకుంది. రేవు వైపు పరిగెడుతుందనుకుంది.

టోపీ ఆవిడ నోట్లో ముద్ద నిదానంగా నమిలి మింగింది.

"మీకోసమే పొద్దుట్నుంచీ ఊరంతా వెతుక్కుంటూ వచ్చానక్కా, రేవుకో వంటావిడతో సరసాలాడే ఆ మహానుభావుడికి కాఫీలో నిద్రమాత్ర వేసి పడుకోబెట్టి, వాడి పాస్‌పోర్టు నా సంచిలో వేసుకొచ్చేశాను, ఇక వాణ్ణి ఏ ఒడ్డునా దిగనివ్వరు."