కృపమ్మ వేపాకు మందు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు.

మొవ్వ దాటాక కల్పన వాళ్ళ కోళ్ళ షెడ్డు. వెయ్యి బ్రాయిలర్ పిల్లలు. ఇరవయ్యో రోజున రెట్టలో నెత్తురు కనిపించింది. తెల్లారేసరికి పదకొండు చచ్చాయి.

కంపెనీ సూపర్‌వైజర్ నాగభూషణరావు మోపెడ్ దిగి చూశాడు.

"కంటికి కనపడని పురుగండీ, పేగుల్ని తినేస్తది. వానకి కింద ఊక తడిసి ముద్దయింది, ముందది మార్చండి. మందు పైవారం గానీ రాదు. ఈ బ్యాచ్ కూడా పోతే కంపెనీ ఇంక మీకు పిల్లల్ని వెయ్యదండీ."

పొడి ఊక బస్తాలు వసారాలో ఉన్నాయి. మార్చే మనిషే లేడు. ఊరంతా నాట్లలో ఉంది. మొగుడు శ్యాంబాబు కృత్తివెన్నులో రొయ్యల చెరువుకి కాపలా. ఆదివారం తప్ప ఇంటికి రాడు.

లోపలి గదిలో మంచం మీద నుంచి అత్తగారు కృపమ్మ అందుకుంది.

"ఊకదేముందే. మా అమ్మ నాటుకోళ్ళకి ఇచ్చిన మందు నేను చెబుతాను. లేత వేపాకు, పచ్చి పసుపు మెత్తగా నూరి తాగే నీళ్ళలో కలుపు. పది రోజులు."

"సరే అత్తయ్యా."

"సరే అనడం కాదు. రాయి చప్పుడు నాకు వినపడాలి."

పది రోజులూ వినపడింది. కల్పన పొద్దున్నే నూరేది, ముద్ద గిన్నెలో పెట్టుకుని షెడ్డుకి వెళ్ళేది. అన్నం వేళకి వచ్చి గుమ్మంలో కూలబడేది. కంచం ముందే కునికేది.

"గిన్నెడు మందు కలిపి ఇంత ఆయాసమేమిటే? నీ వయసులో నేను గుడివాడ నడిచి వెళ్ళొచ్చేదాన్ని."

"నిన్న బందరు అన్నారు."

"రెండూనూ."

రోజుకి చచ్చేవి తొమ్మిదయ్యాయి, తర్వాత నాలుగు. ఎనిమిదో రోజుకి రెట్టలో ఎరుపు పోయింది. పదో రోజున ఒక్కటీ చావలేదు.

మందు పొట్లాలతో వచ్చిన నాగభూషణరావు షెడ్డు చూసొచ్చి ఇంటి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏం వాడారండీ?"

కృపమ్మ దిండుకి ఆనుకుని లేచి కూర్చుంది.

"మా కోడలి కాళ్ళు చూడు బాబూ, వేళ్ళ సందుల్లో కూడా పసుపే. సగం ఒలకబోసుకునే ఉంటుంది. అయినా మా అమ్మ మందు మందే."

ఆయన పాళ్ళు అడిగి రాసుకున్నాడు. గుడ్లవల్లేరు వైపు షెడ్లలోనూ చెబుతానన్నాడు. కల్పన టీ గ్లాసు చేతికిచ్చి, గోడ పట్టుకుని మెల్లిగా లోపలికి నడిచింది.

ఆ మందు ఇప్పుడు చాలా ఊళ్ళు తిరిగింది. మీరూ గుర్తుపెట్టుకోండి, అడిగినవాళ్ళకి చెప్పండి, కాకపోతే ఈ ఒక్క ముక్కా కలిపి చెప్పండి: ఆ పది రోజులూ నూరిన ముద్దంతా, షెడ్డెడు తడి ఊక ఒక్కతే తట్టలకెత్తి బయటికి మోసి పొడిది పరిచిన కల్పన ఒరిసి పుండ్లు పడ్డ కాళ్ళకే సరిపోయింది, కోళ్ళకు మిగల్లేదు.