తిరిగి ఎక్కించండి

"అది పాప గౌను! దాంతో నేల తుడుస్తావా?"

తండ్రి ఒక్క గుంజు గుంజి భార్య చేతిలోంచి గౌను లాక్కున్నాడు. పాప జ్వరంతో పోయి ఇవాళ్టికి ఏడో రోజు. గౌను నిండా ఊడిన వెంట్రుకలు, వంటింటి గచ్చు మీది జిడ్డు.

"నూలు గుడ్డ కదండీ, తడి బాగా పీలుస్తుందని," అంది ఆమె. చీమ కుట్టినట్టయినా లేదు. పాత బనియనొకటి అందుకుని మళ్లీ తుడవడం మొదలుపెట్టింది. "మొహం కడుక్కోండి. సూదాయన వచ్చే టైమైంది."

ఆమె మెడ వెనక ఇంకా ప్లాస్టర్ ఉంది. పాప పోయిన మర్నాడే దుఃఖం తోడే కేంద్రానికి వెళ్లి సూది వేయించుకొచ్చింది. దుఃఖం వారానికి మించి ఎవరి ఒంట్లోనూ ఉండకూడదని రూలు. ఏడ్చేవాళ్లకు మిల్లులో చేతులాడవట. మెడలోంచి సూదితో తోడిన దుఃఖాన్ని ఆ మిల్లుకే పంపుతారు, యంత్రాలకు గ్రీజుగా. పదేళ్లుగా అతను చక్రాలకు పూస్తున్నది అదే. ఎవరెవరి ఏడుపో గోళ్లలో ఇరుక్కుని సబ్బుకు కూడా వదిలేది కాదు. అదే చేత్తో తిండి తినేవాడు. ఇన్నాళ్లూ ఒక్కసారైనా రోత పుట్టలేదేమని ఇప్పుడు తన మీద తనకే అసహ్యమేసింది.

సూదాయన చెప్పులతోనే లోపలికొచ్చాడు. సంచీ బల్ల మీద పెట్టి, కిందింట్లో వాడిన సూదిని ప్యాంటుకేసి తుడిచాడు. పచ్చటి జిగురు ప్యాంటు మీద చారలా సాగింది.

"కూర్చోండి సార్. కాలరు కాస్త కిందికి లాగండి. రెండు నిమిషాల పని. రేపట్నుంచి హాయిగా డ్యూటీకి పోవచ్చు."

"నేను వేయించుకోను."

"అట్లా అంటే ఎలాగండీ? నలుగురిని పిలిచి కట్టేయించాల్సొస్తుంది. మీకూ నాకూ ఎందుకొచ్చిన గొడవ?"

"కానిచ్చేయండి," అంది భార్య, బకెట్లో బనియను పిండుతూ. "నాకైతే నొప్పే తెలియలేదు."

అతను కుర్చీలో కూలబడ్డాడు. గౌనును గుండెకు అదుముకున్నాడు. మురికి నీళ్లు చొక్కాలోకి దిగాయి.

"సరే, తోడుకోండి. కానీ ముందు మా ఆవిడ దగ్గర తీసింది ఆవిడకి తిరిగి ఎక్కించండి. ఒక్క గంట చాలు. పాప కోసం మేమిద్దరం కలిసి ఒక్కసారైనా ఏడవాలి. బంగారంలాంటి మనిషిని బండరాయిని చేసి పంపారు కదయ్యా! ఆ తర్వాత ఇద్దరి దగ్గరా మొత్తం లాక్కోండి. నోరెత్తితే ఒట్టు."

సూదాయన తల గోక్కున్నాడు. "రూలు ఒప్పుకోదు సార్." సంచీ దగ్గరికి లాక్కున్నాడు. "నాకూ పిల్లలున్నార్లెండి. మీ ఆవిడ దగ్గర తోడిన సీసా ఇంకా మిల్లుకు పోలేదేమో చూద్దాం."

సంచీలోంచి లిస్టు తీశాడు. ఇంటి నంబరు, పక్కనే తీసిన కొలత. వేలు వరుస వెంట కిందికి జారి ఒకచోట ఆగింది. వంగి గచ్చు తుడుస్తున్న ఆమె వంక చూశాడు. గబగబా లిస్టు మడిచేసి, గొంతు తగ్గించాడు.

"సార్, ఆవిణ్ని మేమేం చెయ్యలేదండీ. మూడుచోట్ల గుచ్చి చూశాం, చుక్క కూడా రాలేదు."