నడుముకు కట్టిన పట్టీ

నా భార్యను చంపింది రోగం కాదు, వైద్యం. దాని తర్వాత ఏమవుతుందో మాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు ప్రతి ఆసుపత్రిలోనూ అరువు పట్టీ ఇస్తున్నారు. నడుముకు కట్టుకున్నన్నాళ్లూ, ఏ వైద్యం ఏ బాధ మిగులుస్తుందో ముందే ఒంటికి అనుభవమవుతుంది. ప్రొస్టేట్ క్యాన్సర్ అనగానే నేనూ తెచ్చుకున్నాను.

మొదట పట్టీలో ఆపరేషన్ బాధ పెట్టుకున్నాను. దగ్గితే చాలు, మూత్రం కారింది. మా తమలపాకు తోటలోకి మైలతో వెళ్లకూడదు, తీగ ఎండిపోతుందంటారు. వారమంతా గట్టు మీదే కూర్చున్నాను.

తర్వాత మగ హార్మోన్‌ను అణిచే ఇంజెక్షన్లది. మాఘమాసపు చలిలో ఒళ్లంతా సెగ, చెమట. చెల్లెలు సామ్రాజ్యం విసనకర్ర చేతికిచ్చి పకపకా నవ్వింది.

"అన్నయ్యా, ముట్లుడిగినప్పుడు వదినకీ ఇదే! చలిలో ఫ్యానేంటే అని కసిరేవాడివి."

"అప్పుడు ఏం చేసేదే?"

"తడిగుడ్డ నెత్తినేసుకుని పెరట్లో కూర్చునేది. నువ్వు చూళ్లేదా?"

"నోర్ముయ్."

ఇంజెక్షన్లు రోగాన్ని అణచగలవు గాని తీసేయలేవని డాక్టరు చెప్పాడు. అయినా అవే రాయించుకున్నాను. తోటలోకి వెళ్లగలను, అది చాలు.

ఆ సెగ ఎలా ఉంటుందని సామ్రాజ్యం ఇంకా అడుగుతూనే ఉంది. ఆమెకే కాదు, ఎవరికీ చెప్పను. చెబితే నా భార్యను కసిరిన సంగతీ ఒప్పుకోవాలి. ఆ మాట మళ్లీ ఎత్తను.