కమిలిన మచ్చలు

పరశురాం హెల్మెట్‌తో కొట్టిన మొదటి దెబ్బకే కమలాకర్ పెదవి చిట్లింది. రెండో దెబ్బకు యూనివర్సిటీ లైబ్రరీ మెట్ల మీద వెల్లకిలా పడ్డాడు.

"నా చెల్లెను కొడ్తవారా?"

"నేను కొట్టలే బావా..."

ఏ మొగుడు ఒప్పుకుంటాడు గనక! పరశురాం డొక్కలో తన్నాడు.

పోయిన నెల చెల్లెలు ధరణి లాలాగూడలో తన ఇంటికి వచ్చినప్పుడు ఆమె చేతులు చూశాడు. మోచేతుల దాకా కమిలిన మచ్చలు, నేరేడు రంగులో, అల్లిబిల్లిగా. కాళ్ల మీదా అవే. ఏందని అడిగితే "చలికి వస్తున్నయన్నా, ఎందుకో తెల్వది" అని చున్నీ కప్పుకుంది. చలికి కమిలే ఒళ్లు ఎక్కడన్నా ఉంటుందా? ఆ రోజు నుంచి అతనికి అన్నం సయించలేదు.

ఇవాళ ధరణే ఫోన్ చేసింది. మూతి వాచినట్టు మాట ముద్దముద్దగా వచ్చింది.

"అన్నా... చెయ్యి... పడ్డది..."

ఆ తర్వాత ఫోన్ కింద పడ్డ చప్పుడు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయి కొట్టి వచ్చాడన్నమాట, వెధవ! తార్నాకలో ధరణి ఇల్లున్న సందు దాటుకునే, కమలాకర్ పనిచేసే క్యాంపస్‌కు వచ్చాడు పరశురాం. ముందు వీడి చేతులు విరగ్గొట్టి, తర్వాతే చెల్లెలి ముఖం చూడాలనుకున్నాడు.

"పోనియ్యి బావా, ధరణి ఫోన్ ఎత్తుతలేదు. నాకు భయమైతున్నది." కమలాకర్ లేవబోయాడు.

"పారిపోతవా? పట్టుకోండ్రి వీన్ని! పెండ్లాన్ని కొట్టొచ్చిండు!"

విద్యార్థులు మూగారు. తలా ఒక దెబ్బ వేశారు. కమలాకర్ నోట్లోంచి నెత్తురుతోపాటు ఒక పన్ను ఊడిపడింది. పరశురాం అతని వేళ్లను బూటు కింద పెట్టి నలిపాడు. కసి తీరడానికి చాలాసేపే పట్టింది.

తర్వాత కాలర్ పట్టి ఇంటికి ఈడ్చుకుపోయాడు. ధరణి వంటింటి గడప మీద పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, మాట లేదు.

ఆసుపత్రిలో డాక్టర్ ఆమె చేతులు తిప్పి చూస్తుంటే పరశురాం కమలాకర్ వైపు వేలు చూపించాడు.

"వీడు కొట్టిన దెబ్బలు సార్. పోలీస్ కేసు రాయుండ్రి."

"ఇవి దెబ్బలు కావు," అన్నాడు డాక్టర్. "చర్మం మీద ఇలా వల అల్లినట్టు మచ్చలు తెచ్చి, మెదడుకు రక్తం ఆపేసే జబ్బు. చాలా అరుదు. పక్షవాతం మొదలవగానే తెచ్చి ఉంటే బాగుచేసేవాళ్లం. కుడి చెయ్యి పడిపోయిందని ఈమె ఎవరికీ ఫోన్ చేసి చెప్పలేదా?"